డాబా మీద గుమ్మడిపూల పెళ్ళిళ్ళు

తెల్లవారకముందే లేచి వాకిలి ఊడవడం చౌడేశ్వరికి కొత్త కాదు. ఎంతసేపు ఊడుస్తోందన్నదే కొత్త. మునుపు గేటు ముందు నాలుగు వేట్లు వేసి, నీళ్ళు చల్లి, చిన్న ముగ్గు గీసి లోపలికి వచ్చేసేది. ఈ వేసవి నుంచి ఆ ఇంటి ముందు ముగ్గు లేదు. ముగ్గుకి పట్టే సమయం కూడా చీపురుకే ఇచ్చేసింది. తన గేటు ముందు అయ్యాక ఎదురింటి కనకలక్ష్మి గేటు ముందు, ఆ తర్వాత పక్కనున్న ఖాళీస్థలం అంచు, అక్కణ్ణుంచి రోడ్డు మలుపు దాకా. పటమటలో ఆ సందు ఒక్కటే అద్దంలా మెరుస్తోందని చూసినవాళ్ళు చెప్పుకోసాగారు. మున్సిపాలిటీ తరఫున ఊడ్చే ఆవిడ ఒకరోజు గేటు దగ్గర నిలబడి, మీరిలా ఊడ్చేస్తే మా మేస్త్రీ నాకిక్కడ పనిలేదంటాడమ్మా, కాస్త చెత్త ఉంచండి అని బతిమాలుకుంది.

చౌడేశ్వరికి ఆ ఊడుపు శుభ్రం కోసం కాదు. సరిగ్గా ఆ వేళకి మొన్నటిదాకా డాబా మీంచి ఒక కేక వినిపించేది.

"ఏమేవ్, ముహూర్తం దాటిపోతోంది. అక్షింతలేవీ?"

వంటింట్లోంచి ఆవిడ జవాబు కూడా ఎప్పుడూ ఒకటే. "ముందు చొక్కా తొడుక్కోండి. పెళ్ళిపెద్ద బనీనుతో ఉంటే పిల్ల తరఫువాళ్ళు లేచిపోతారు."

పెళ్ళంటే మనుషుల పెళ్ళి కాదు, గుమ్మడిపువ్వులకి. పెళ్ళిపెద్ద ఆవిడ భర్త సాంబమూర్తి. ఇప్పుడు ఆ కేక లేదు. చీపురు చప్పుడు చేస్తుంటే లేదన్న సంగతి కొంచెం తక్కువగా వినపడుతుంది. అందుకని మలుపు దాకా ఊడుస్తుంది.

సాంబమూర్తిది పెడనలో నేతపని ఇల్లు. కుర్రతనంలో మగ్గం దిగి బెజవాడ వచ్చి, వన్ టౌన్‌లో చీరల హోల్‌సేలు కొట్లో గుమాస్తాగా చేరి, తర్వాత తనే ఒక చిన్న కొట్టు పెట్టుకున్నాడు. బతుకంతా చీరలు విప్పడం, మడతపెట్టడం. దానికి విరుగుడుగా డాబా మీద మొక్కలు. పాత పెయింటు డబ్బాలు, చేపల థర్మోకోల్ పెట్టెలు, అడుగు పోయిన బిందె, అడ్డంగా కోయించిన నీళ్ళ డ్రమ్ము, ఏది దొరికితే దాంట్లో మట్టి పోసేవాడు. అడుగున కన్నాలు పెట్టకుండా మాత్రం ఏదీ పైకి ఎక్కనిచ్చేవాడు కాదు. నీళ్ళు నిలిస్తే వేరు ఊపిరాడక చస్తుందని మేకూ సుత్తీ పట్టుకుని తిరిగేవాడు.

ఎవరైనా సలహా అడిగితే గుడ్డ భాషలోనే చెప్పేవాడు. పడుగుకి కాలవగట్టు నల్లమట్టి, పేకకి బాగా మాగిన పశువుల ఎరువు, అంచుకి గుప్పెడు ఇసుక అనేవాడు. నీళ్ళు ఎప్పుడు పోయాలని అడిగితే, చీర కొనేటప్పుడు ఏం చేస్తారు, వేళ్ళతో పట్టి చూడరూ, అలాగే మట్టిలోకి వేలు దించి చూడండి, తడి తగిలితే చెంబు పక్కన పెట్టి ఇంటికెళ్ళండి అనేవాడు. అడిగినవాళ్ళు మట్టి సంగతి మరిచిపోయి చీర కొనుక్కుని వెళ్ళిన రోజులూ ఉన్నాయి.

ఆ ఇంట్లో డాబా ఆయన రాజ్యం, వంటిల్లు ఆవిడ రాజ్యం. మెట్ల మలుపు దగ్గర సరిహద్దు. ఆవిడ బియ్యం కడిగిన నీళ్ళ గిన్నె పట్టుకుని అక్కడి దాకా ఎక్కేది, ఆయన వంకాయలో బెండకాయలో పట్టుకుని అక్కడి దాకా దిగేవాడు. సరుకు మార్చుకుని ఎవరి దేశానికి వాళ్ళు వెళ్ళిపోయేవారు. అన్నేళ్ళ కాపురంలో ఆవిడ చేత్తో ఒక్క మొక్కయినా నాటలేదు. నాటనివ్వలేదని కాదు, అవసరం రాలేదు.

ఈ వేసవిలో, రోహిణి ఎండల్లో, ఒక మధ్యాహ్నం ఆయన కొట్లో చీర మడతపెడుతూ కూర్చున్నవాడు కూర్చున్నట్టే వెళ్ళిపోయాడు. చీర సగం మడతలో ఉంది. ఆ మిగతా సగం ఎవరు మడతపెట్టారో చౌడేశ్వరికి తెలియదు. అడగాలనుకుంటూనే అడగలేదు.

పెద్దకర్మ రోజున వంటవాడికి కూరలు చాలలేదు. అటక మీద చూస్తే ఒక తియ్యగుమ్మడికాయ కనిపించింది. తీసి దప్పళంలో వేసేశాడు. దప్పళం అద్భుతంగా కుదిరిందని బంధువులంతా మారు వడ్డించుకున్నారు. ఆ కాయ ఎక్కణ్ణుంచి వచ్చిందని చౌడేశ్వరి అడిగేసరికి గింజలు పెంటకుప్ప మీదికి, అక్కణ్ణుంచి ఆవు నోట్లోకి పోయాయి. అది విత్తనానికని దాచిన కాయ. సాంబమూర్తి తల్లి పెడనలో మగ్గం గుంట వెనక పెరట్లో పెంచిన గుమ్మడి. గుండ్రంగా, చిన్నగా, గాట్లు గాట్లుగా ఉంటుంది, బెల్లం వెయ్యక్కర్లేదు. ఏటా ఒక కాయ ఉంచి గింజలు తీసి, మళ్ళీ వేస్తూ, ఆ వంశాన్ని ఆయన పెడన నుంచి పటమట దాకా లాక్కొచ్చాడు. ఆయన పోయిన పదకొండోనాడే దాన్ని బంధువులు వేలు నాకి తినేశారు.

తొలకరికి ముందు ఆయన తువ్వాలు ఉతకబోతే కొంగు ముడిలో ఏదో గట్టిగా తగిలింది. విప్పితే గుమ్మడిగింజలు, ఓ చిటికెడు. కొత్త కాయ వచ్చేదాకా ముందుజాగ్రత్తకి ముడి వేసుకున్నట్టున్నాడు. చౌడేశ్వరి తువ్వాలు ఉతకలేదు. గింజలు పట్టుకుని మొదటిసారి మెట్ల మలుపు దాటి డాబా ఎక్కింది.

గింజల్ని రాత్రి తడిగుడ్డలో చుట్టి ఉంచి పొద్దున వేలెడు లోతున గుచ్చాలని ఆవిడకి తెలుసు. అన్నేళ్ళూ విన్నమాటే. సగం వానకి కుళ్ళాయి. రెండు మొలిచాయి. ఒకదాని మెత్తటి తల నత్త కొరికేసింది. మిగిలింది ఒక్క తీగ. ఇది కాస్తే గింజలున్నట్టు. కాయకపోతే అత్తగారి గుమ్మడి ఆవిడతో ఆఖరు. ఈ సంగతి ఆవిడ ఎవరికీ చెప్పలేదు. కానీ రోజుకి నాలుగుసార్లు డాబా ఎక్కుతోందంటే వీధికి తెలియకుండా ఉంటుందా.

ముందుగా సలహా తెచ్చినవాడు ఎదురింటి వెంకటప్పయ్య, కనకలక్ష్మి భర్త. ఉయ్యూరు దగ్గర పొలాలున్న రైతుల ఇంటివాడు, ఆటోనగర్‌లో లారీ స్పేర్‌పార్టుల వ్యాపారం. పొలం వదిలి చాలాకాలమైనా పొలం ఆయన్ని వదల్లేదు. మొక్కని చూసి, పికప్ లేదు పిన్నిగారూ అని తేల్చాడు. ఊళ్ళో వరికి తెచ్చిన యూరియా ఉందని గుప్పెడు తెచ్చి డ్రమ్ములో చల్లేశాడు. తీగకి పికప్ వచ్చింది. ఒక్కో ఆకు గొడుగంత అయి, పిట్టగోడ దాటి, నీళ్ళ ట్యాంకు ఎక్కి, కేబులు వైరు పట్టుకుని వెంకటప్పయ్య ఇంటివైపు బయల్దేరింది. పువ్వు మాత్రం ఒక్కటి లేదు. చౌడేశ్వరికి భర్త మాట గుర్తొచ్చింది. తిండి ఎక్కువైతే తీగకి పెళ్ళి ధ్యాస ఉండదే, ఒళ్ళు పెంచుకుంటుంది అనేవాడు. ఎరువు మానేసి, బొగ్గులపొయ్యి బూడిద జల్లించి మొదలు చుట్టూ చల్లింది. బియ్యం నీళ్ళు పల్చగా పోసింది. తీగ నడకకి పాత నూలుపోగులు పేని, ట్యాంకు స్తంభానికీ బట్టల కొయ్యకీ కట్టి పందిరి అల్లింది. కొన్నాళ్ళకి తీగ దారికొచ్చింది.

పువ్వులొచ్చాయి. అన్నీ మగపువ్వులే. సన్నటి పొడుగాటి కాడ మీద పసుపుపచ్చగా విచ్చుకుని, పొద్దెక్కేసరికి ముడుచుకుని రాలిపోతున్నాయి. కనకలక్ష్మి తన బాల్కనీలోంచి లెక్కపెట్టి, అన్నీ మగపిల్లలే పుట్టారేంటి పిన్నిగారూ, దోషమేమైనా ఉందేమో, దుర్గమ్మకి మొక్కుకోండి అంది. చౌడేశ్వరి కంగారు పడలేదు. మగపెళ్ళివారు ముందొచ్చి కాఫీలకి కూర్చుంటారు, పెళ్ళికూతురు తీరిగ్గా వస్తుంది అని ఆయన ఏటా చెప్పేవాడు. అలాగే ఒక తెల్లవారుజామున, అడుగున గోళీకాయంత పిందె పెట్టుకుని, ఆడపువ్వు విచ్చుకుంది.

చెయ్యాల్సింది చాలా చిన్న పని. మగపువ్వు తుంపి, రేకులు వలిచేసి, మధ్యనున్న పుప్పొడి కాడని ఆడపువ్వు లోపలి బొడిపెకి రాయాలి. పూర్వం తేనెటీగలు ఈ పని ఉచితంగా చేసిపెట్టేవి. ఇప్పుడు చుట్టూ అపార్టుమెంట్లు, దోమల పొగబండ్లు. తేనెటీగ ఈ వీధికి రావడం మానేసింది. అందుకే సాంబమూర్తి పెళ్ళిపెద్ద అయ్యాడు.

చౌడేశ్వరి మగపువ్వు తుంపింది. రేకులు వలిచింది. చెయ్యి ఆడపువ్వు దాకా వెళ్ళి ఆగింది. పెళ్ళి అన్న మాట అడ్డం పడింది. ఏళ్ళ తరబడి దాన్ని పెళ్ళనే పిలిచారు, అక్షింతలన్నారు, ముహూర్తమన్నారు. గాజులు తీసిన చెయ్యి పెళ్ళి చెయ్యొచ్చా? ఉత్త పువ్వే కదా అని తనకి తనే చెప్పుకుంది. ఉత్త పువ్వు కాబట్టే భయం. దానికి మంచి చెయ్యో కాదో చెప్పడానికి నోరు లేదు, పిందె రాలితే అదే చెప్పినట్టు. చెయ్యి వెనక్కి తీసుకుంది. నాలుగు రోజులకి పిందె పండుబారి రాలింది. ముట్టుకోకుండానే రాలింది కదా అని ఆవిడకి తోచలేదు. చూపు తగిలిందేమో అనుకుంది.

చివరికి కనకలక్ష్మిని అడిగింది. నాకు ఒంగితే నడుం పట్టేస్తోందమ్మా, నువ్వు వచ్చి చేసిపెట్టు అంది. కనకలక్ష్మికి అసలు కారణం అర్థమైంది. అర్థమైనట్టు కనబడకుండా, అదెంత పని పిన్నిగారూ, రేపొచ్చేస్తా అంది. మంచి మనిషి. ఏ పని చేసినా కొంచెం ఎక్కువ చేస్తుంది, అంతే.

మర్నాడు ఆవిడ తలంటుకుని, దీపం పెట్టుకుని, పిల్లలకి క్యారేజీలు కట్టి, పట్టుచీర కట్టుకుని, పళ్ళెంలో పసుపు, కుంకుమ, అక్షింతలు, పసుపుతాడు పెట్టుకుని పైకి వచ్చేసరికి ఎండ మాడ్చేస్తోంది. పెళ్ళికూతురు ఎప్పుడో ముడుచుకుపోయింది. పాపం సిగ్గు అంటూ కనకలక్ష్మి రేకులు విడదీసింది. లోపలి బొడిపెకి దిట్టంగా పసుపు రాసింది. దాని మీద కుంకుమబొట్టు పెట్టింది. పిందె మెడకి పసుపుతాడు కట్టింది. ఆ పైన మగపువ్వుని తెచ్చి ఒకసారి తాకించింది. అప్పటికి పుప్పొడికి తాకడానికి జాగా లేదు. వెంకటప్పయ్య తన గుమ్మంలోంచి సెల్‌ఫోన్లో సన్నాయి పెట్టాడు. చౌడేశ్వరి ఇంత దూరంలో, ట్యాంకు నీడలో నిలబడి చూసింది. అప్పగింతలు కూడా పెడతావా అని అడగబోయి, నవ్వొచ్చి పైట నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన పోయాక నవ్వడం అదే మొదలు. వెంటనే భయమేసింది, నవ్వొచ్చినందుకు.

పిందె పసుపులోనే కుళ్ళింది.

తర్వాతి పువ్వు మంగళవారం విచ్చుకుంది. మంగళవారం పెళ్ళేంటి పిన్నిగారూ, శుక్రవారం దాకా ఆగమనండి అంది కనకలక్ష్మి. ఆగమని పువ్వుకి ఎవరు చెబుతారు. ఆ తర్వాతిది నిజంగానే శుక్రవారం వచ్చింది. కనకలక్ష్మి వీధిలో ముత్తయిదువలందర్నీ వెంటపెట్టుకొచ్చింది. పువ్వు మీద అందరూ అక్షింతలు వేశారు. కిందికి దిగి శనగలు, తాంబూలం పుచ్చుకున్నారు. వాళ్ళు దిగారో లేదో పావురాలు దిగి అక్షింతలతో పాటు పువ్వుని కూడా పొడిచి పెట్టాయి. తాంబూలాల ఖర్చు దండగయినందుకు కనకలక్ష్మి కన్నీళ్ళు పెట్టుకుంటే చౌడేశ్వరే ఓదార్చాల్సి వచ్చింది.

ఈలోగా తీగకి వయసు మీద పడింది. మొదటి ఆకుల మీద పిండి జల్లినట్టు తెల్లబూజు కనిపించింది. పుల్లమజ్జిగలో నీళ్ళు బాగా కలిపి, వడగట్టి, ఎండ రాకముందు ఆకుల మీద జల్లుతూ దాన్ని నిలబెట్టుకుంటోంది చౌడేశ్వరి. ముదురాకులు తుంపేసింది. అయినా చివరి కొమ్మలో రెండంటే రెండు ఆడమొగ్గలు మిగిలాయి.

అప్పుడు పెడన నుంచి ఆడపడుచు వెంకటరత్నమ్మ మాసికానికి దిగింది. సాంబమూర్తికి అక్క, మోకాళ్ళు నొప్పి, నోరు నొప్పి లేదు. మెట్టుమెట్టుకీ ఆగి, మెట్లు కట్టిన మేస్త్రీ పూర్వీకుల్ని తలుచుకుంటూ డాబా ఎక్కింది. తీగ దగ్గర ఆగి ఒక ఆకు తడిమి చూసింది. అమ్మ ఆకే అంది. తర్వాత ఖాళీ కాడలకి వేలాడుతున్న పసుపుతాళ్ళు చూసింది.

"ఇదేంటే చౌడమ్మా, తీగకి ఒడుగు చేశారా?"

ఆ మధ్యాహ్నం వసారాలో చిక్కుళ్ళు వలుస్తూ చౌడేశ్వరి జరిగిందంతా చెప్పింది. యూరియా దగ్గర్నుంచి పావురాల దాకా. మధ్యలో కనకలక్ష్మి కూడా వచ్చి కూర్చుంది. తన వైపు లోపం లేదని, పసుపు కొమ్ములు దంచిందే వాడానని, దుకాణం పొడి కాదని చెప్పుకుంది. వెంకటరత్నమ్మ అంతా విని, నువ్వు పట్టుచీర కట్టుకుని పదింటికి పెళ్ళి చేస్తే పిల్ల ఆగుతుందటమ్మా, అది తెల్లారగట్ల కళ్ళు తెరిచి, తొమ్మిదికి ముసుగు తన్నే రకం అంది. నా తమ్ముడు ఏనాడైనా తానం చేసి ఈ పెళ్ళి చేశాడా, పళ్ళయినా తోముకునేవాడా అని అడిగింది. చౌడేశ్వరి ఆలోచించి, తోముకునేవారు కాదు వదినా అని ఒప్పుకుంది.

"మరి నువ్వెందుకు చెయ్యలేదే? అన్నేళ్ళు విన్నదానివి."

చౌడేశ్వరి చిక్కుడుకాయ ఈనె తీస్తూ తల దించుకుంది. కనకలక్ష్మి లేచి, పొయ్యి మీద పాలున్నాయని అబద్ధమాడి వెళ్ళిపోయింది. ఆవిడ గేటు దాటేదాకా ఆగి చౌడేశ్వరి చెప్పింది.

"నా చెయ్యి పెళ్ళికి పనికొచ్చే చెయ్యా వదినా?"

వెంకటరత్నమ్మ చేతిలో కాయ పక్కన పెట్టింది.

"మగ్గం మీద పాత పడుగు అయిపోయాక కొత్త పడుగు అతికేది ఎవరే మనింట్లో?"

"అత్తయ్యగారు."

"ఎన్నేళ్ళు అతికింది?"

"కళ్ళు కనపడినన్నాళ్ళూ."

"నాన్న పోయేసరికి మీ ఆయన పాలు తాగుతున్నాడు. ఆ తర్వాత మనింట్లోంచి పెళ్ళిచీర అంటూ ఏది దిగినా, దాని పోగు పోగూ అమ్మ బూడిద వేళ్ళతో పేనిందే. బందరు, గుడివాడ, ఏ ఊళ్ళో ఏ పెళ్ళికూతురు కట్టుకుందో. అతుకు పెట్టింది ఎవరని ఒక్కత్తి అడిగిందా? వాళ్ళ మనవలకి కూడా పెళ్ళిళ్ళయ్యాయి. మనుషుల పెళ్ళికి పనికొచ్చిన చెయ్యి గుమ్మడిపువ్వుకి పనికి రాదా? దాని దగ్గర పంచాంగం ఉందా?"

చౌడేశ్వరి తన వేళ్ళు చూసుకుంది. పెళ్ళయి వచ్చిన కొత్తల్లో ఆ పని అత్తగారి పక్కన కూర్చుని తనూ నేర్చుకుంది. పాతపోగు కొస, కొత్తపోగు కొస, మధ్యన చిటికెడు బూడిద, బొటనవేలు మీద ఒక్క మెలిక. బెజవాడ వచ్చాక ఆ వేళ్ళకి ఆ పని లేకపోయింది.

మర్నాడే మొదటి మొగ్గ విచ్చుకుంది. చౌడేశ్వరి వెళ్ళింది. కానీ పొద్దున్నే లేవగానే మొదటి పని వాకిలి. మొదలు పెట్టాక సగంలో వదలడం ఆవిడకి చేతకాదు. మలుపు దాకా ఊడ్చి, చెత్త ఎత్తి, చేతులు కడుక్కుని, పైకి వెళ్ళేసరికి పువ్వు అంచులు ముడతపడుతున్నాయి. పుప్పొడి రాసింది. రాసిందే గానీ వేలికే అంటలేదు, ఎండకి ఎగిరిపోయింది. ఈసారి పిందె రాలినప్పుడు చెయ్యి మంచిది కాదన్న మాట మనసులోకి వచ్చింది గానీ కూర్చోలేదు. చెయ్యి కాదు, వేళ అని ఆవిడకి మొదటిసారి తోచింది. వెంకటరత్నమ్మ కూడా అదే అంది, ఇంకా ఘాటుగా అంది.

ఇంక మిగిలింది ఒకటే మొగ్గ.

మొగ్గ రేపు విచ్చుకుంటుందా లేదా అని తెలుసుకోడానికి ఒక గుర్తుంది. ముందురోజు సాయంత్రానికి ఆకుపచ్చ కొస పసుపుపచ్చకి తిరుగుతుంది. ఆ సాయంత్రం చౌడేశ్వరి చూసింది, తిరిగింది. పక్కనే విచ్చుకోబోయే మగమొగ్గ కూడా ఒకటి చూసి పెట్టుకుంది. కింద వెంకటరత్నమ్మకి చెప్పింది. అయితే రేపు నన్ను లేపకు, మోకాళ్ళు సహకరించవు, పెళ్ళికి నా ఆశీస్సులు ఇక్కణ్ణుంచే అంది ఆవిడ.

తెల్లవారింది. అలవాటు చొప్పున కాళ్ళు గేటు దగ్గరకే తీసుకెళ్ళాయి, చెయ్యి చీపురే పట్టుకుంది. నాలుగు వేట్లు వేసింది. రాత్రి గాలికి కానుగాకులు బాగా రాలాయి, సందంతా పరుచుకుని ఉన్నాయి. కనకలక్ష్మి గేటు ముందైతే మరీ. తల ఎత్తితే పిట్టగోడ పైన ఆకాశం అప్పుడే తెల్లబడుతోంది. తీగ కొసన పసుపుపచ్చగా ఏదో మెరిసింది. కింద ఆకులు. పైన పువ్వు. ఈ ఒక్క గేటు ముందు ముగించి వెళదామా అని చెయ్యి అడిగింది. చౌడేశ్వరి ఒక్క క్షణం నిలబడింది. తర్వాత చీపురుని గేటుకి ఆనించి లోపలికి నడిచింది.

మెట్ల మలుపు దాటుతుంటే ఇవాళ చీపురు చప్పుడు లేక వీధంతా నిశ్శబ్దంగా ఉన్న సంగతి తెలిసింది. ఆ నిశ్శబ్దంలోనే ఎక్కింది. పువ్వు అరచెయ్యంత విచ్చుకుని, లోపల మంచు చుక్కతో ఉంది. మగపువ్వు తుంపి రేకులు వలిచింది. డ్రమ్ము పక్కన పెట్టుకున్న బూడిద గిన్నెలోకి చెయ్యి పోబోతే తనే ఆపుకుంది, ఇది పోగు కాదు. పుప్పొడి కాడని బొడిపె మీద ఆనించి బొటనవేలితో ఒక్క మెలిక తిప్పింది. మెల్లగా, అన్ని వైపులా. వేలికొస పసుపుపచ్చగా అయింది.

"అక్షింతలు లేవండీ" అంది చిన్నగా. "చొక్కా కూడా లేదు కదా మీకు."

ఆ పిందె నిలిచింది. వారం తిరిగేలోగా మెడ కిందికి వంచింది. నిలిచిన పిందెకి అదే గుర్తు, రాలేది తల ఎత్తుకునే ఉంటుంది. తర్వాత అది పెద్దదవుతుంటే వేలు పెట్టి చూపించి దిష్టి తగిలిస్తారని చౌడేశ్వరి దాన్ని ఆయన తువ్వాలుతో ఉయ్యాల కట్టి దాచింది. అయినా వెంకటప్పయ్య ఆటోనగర్ వెళ్ళేముందు రోజూ వేలు మడిచి, పిడికిలితో చూపించి, లోడు ఎంతయింది పిన్నిగారూ అని అడిగేవాడు. కాడ ఎండి, తొక్క గోటికి లొంగనంత గట్టిపడ్డాక కోశారు. దాన్ని అటక మీద పెట్టలేదు. వంటవాళ్ళకి అందని చోట, చౌడేశ్వరి మంచం కింద పెట్టారు. ఇదంతా తర్వాతి మాట.

ఆ పొద్దున ఆవిడ కిందికి దిగేసరికి ఎండ గేటు మీదికి వచ్చింది. కనకలక్ష్మి తన గేటు ముందు ఆకుల్లో నిలబడి, ఒంట్లో బాగోలేదా పిన్నిగారూ, వాకిలి అలా వదిలేశారు అని అడిగింది. వెంకటరత్నమ్మ వసారాలోంచి, ముహూర్తానికి అందిందా అని కేకేసింది. చౌడేశ్వరి పసుపు వేలు పైకెత్తి చూపించింది. కనకలక్ష్మికి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక శనగలు నానబొయ్యనా అంది.

మున్సిపాలిటీ ఆవిడ మలుపు దగ్గర బండి ఆపి, సందు నిండా పడున్న ఆకుల్ని చూసి, ఇవాళ నాకు పని ఉంచారమ్మా అని మొహం విప్పార్చుకుంది.

చౌడేశ్వరి గేటుకి ఆనించిన చీపురు తీసుకుంది. ఊడవబోతోందనుకుని కనకలక్ష్మి పక్కకి జరిగింది. చౌడేశ్వరి దాన్ని తలుపు వెనక మూల పెట్టేసి, కాఫీ కలపడానికి వంటింట్లోకి వెళ్ళిపోయింది.